నంబరు ఎర్రబడింది, 5,306 రూపాయలు కట్టాం

పోయిన ఆగస్టులో ఒక సోమవారం మా తమ్ముడు చండూరులో ఒక ఇంటి గేటు ముందు నిలబడి ఆరుసార్లు ఫోన్ చేశాడు. లోపల ఫోన్ మోగుతున్నది వాడికి వినపడుతూనే ఉంది. మోగుతుంది, ఆగిపోతుంది. మళ్లీ చేస్తే మళ్లీ అంతే. లోపల కుక్క ఉంది కాబట్టి గేటు తీసే ధైర్యం చేయలేదు. చివరికి పక్కింటామె గోడ మీంచి కేకేస్తే ఆ ఇంటి పెద్దాయన, రిటైరైన పంతులుగారు, బయటికొచ్చారు.

"నువ్వేనా అయ్యా ఫోన్ చేసేది? నేనే కట్ చేస్తున్న. ఎర్రగ వస్తున్నది మీ నంబరు. ఎర్రగొస్తే లేపొద్దని మా కోడలు చెప్పింది" అన్నారట.

ఆ రోజు కుదరదని, ఇంట్లో చుట్టాలున్నారని పంపించేశారు. వాడు ముప్పై కిలోమీటర్లు పోయి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మా నంబరు ఎర్రబడిందన్న సంగతి మాకు తెలిసింది అప్పుడే.

మాది నల్లగొండలో ఆర్వో మెషీన్లు అమ్మే, బాగుచేసే దుకాణం. గడియారం సెంటర్ నుంచి నడిచి రావచ్చు. తమ్ముడూ, ఇంకో ఇద్దరు పిలగాళ్లూ బండ్ల మీద తిరుగుతారు. ఫోన్లు, లెక్కలు, సర్వీస్ కార్డులు నావి. పదకొండు వందల పైచిలుకు కస్టమర్లున్నారు. సగం మంది టౌన్‌లో, మిగతా సగం మునుగోడు, చండూరు, మర్రిగూడ, నకిరేకల్ వైపు. మా దగ్గర ఆర్వో అంటే సోకు కోసం పెట్టుకునేది కాదు. ఫ్లోరైడ్ నీళ్లతో వంకర్లు తిరిగిన కాళ్లు చూస్తూ పెరిగినవాళ్లం. నాగపూర్‌లోని నీరి సంస్థవాళ్లు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరు పెట్టారు. ఏ ఊరి పేరైనా ఇలాంటి దానికి పెట్టారంటే ఆ ఊరి సంగతి అర్థం చేసుకోవచ్చు. మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్లు వచ్చాక చాలా మారింది. అయినా బోరు నీళ్లే పట్టుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అక్కడ మెంబ్రేన్, అంటే లోపల నీళ్లను వడగట్టే పొర, పని అయిపోయినా మెషీన్ ఆగదు, నీళ్లు పోస్తూనే ఉంటుంది. చూడ్డానికి తేటగానే ఉంటాయి. అందుకే గడువు దగ్గర పడగానే మేమే ఫోన్ చేస్తాం. ఆ ఫోన్ ఎత్తకపోతే మాకు ఒక బేరం పోతుంది. వాళ్లకు పోయేది అంతకంటే ఎక్కువ.

ఆ సాయంత్రం దుకాణంలో నాలుగు ఫోన్లు టేబుల్ మీద వరసగా పెట్టాం. నాది, తమ్ముడిది, పక్కన జిరాక్స్ షాపతనిది, టీ తెచ్చిన పిల్లాడిది. సర్వీస్ నంబరు నుంచి ఒక్కోదానికి కొట్టాను. నా దాంట్లో, తమ్ముడి దాంట్లో నంబరు సేవ్ అయి ఉంది కాబట్టి 'షాప్ 2' అని బుద్ధిగా వచ్చింది. ఇన్నాళ్లూ మాకు తెలియకపోవడానికి కారణం అదే. జిరాక్స్ అతని ఫోన్లో కాలర్ ఐడీ యాప్ ఉంది. స్క్రీన్ మొత్తం ఎర్రగా అయింది. పైన పేరు: 'ఆర్వో ఫిల్టర్ డోంట్ లిఫ్ట్'. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వుతుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. టీ పిల్లాడి ఫోన్లో ఏ యాపూ లేదు. అయినా నంబరు కింద సన్నగా, స్పామ్ కావచ్చునని ఇంగ్లిషులో పడింది.

అంటే రెండు వేరు వేరు జబ్బులు. ఇది అర్థం కావడానికి నాకు నెల పట్టింది. మీకు ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఈ ముద్ర పోగొట్టడానికి నేను డబ్బు కట్టిన సర్వీస్ బాగుందా లేదా అన్నది ఈ తేడా మీదే ఉంది.

ట్రూకాలర్ లాంటి యాప్‌లు జనం మాట మీద నడుస్తాయి. 2009లో స్వీడన్‌లో మొదలైన కంపెనీ అది. ఇవాళ దాన్ని ఎక్కువగా వాడేది మనవాళ్లే. మన నంబరుకు అక్కడ కనిపించే పేరు మనం పెట్టుకున్నది కానక్కర్లేదు. జనం ఏమని రాసిస్తే అదే కావచ్చు. స్పామ్ అని ఎక్కువమంది నొక్కితే ఎర్రబడుతుంది. రెండోది నెట్‌వర్క్ తనంతట తాను వేసే ముద్ర. 2024 సెప్టెంబర్‌లో ఎయిర్‌టెల్ ఇలాంటిది మొదలుపెట్టింది. ఎవరో ఫిర్యాదు చేయాల్సిన పని లేదు. ఒక నంబరు నుంచి ఎన్ని కాల్స్ పోతున్నాయి, ఎంతసేపు మాట్లాడుతున్నారు లాంటి నడవడిక చూసి మెషీనే అనుమానిస్తుంది. మొదటిది ఊరి నోరు, రెండోది పోలీసు కన్ను. ఊరి నోటికి సర్దిచెప్పుకోవచ్చు. రెండోదానికి మన నడక మారాలి.

మా నడక సంగతి కూడా దాచకుండా చెప్పాలి. జూన్‌లో సర్వీస్ కాల్స్ కోసమని కొత్త సిమ్ తీసుకున్నాం. పాత నంబరు ఎప్పుడూ బిజీ వస్తోందని కస్టమర్ల గొడవ. కొత్త సిమ్ వేసిన మొదటి వారంలోనే ఎవరెవరో ఫోన్ చేసి, "ఈఎంఐ కడ్తనని చెప్పిన కదా, మళ్లీ ఎందుకు చేస్తున్నరు" అని తిట్టారు. ఆ నంబరు అంతకుముందు ఏ లోన్ రికవరీ వాళ్ల దగ్గర ఉందో మరి. ఆపేసిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి తర్వాత ఇంకొకరికి ఇస్తారు. సిమ్ కొత్తదే, నంబరు మాత్రం ఒక సంసారం చేసి వచ్చింది. దాని పాత అప్పులు మాకు అంటుకున్నాయి.

దానిమీద మేం చేసిన ఘనకార్యం ఇంకోటి. ఒక అమ్మాయిని పెట్టుకుని, ఎక్సెల్ షీట్ చేతికిచ్చి, రోజంతా ఫోన్లు చేయించాం. ఎత్తనివాళ్లకు మర్నాడు మళ్లీ. అప్పుడెప్పుడో ఎన్జీ కాలేజీ గ్రౌండులో ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టినప్పుడు జనం చీటీల మీద రాసిచ్చిన ఆరు వందల నంబర్లు కూడా ఆ షీట్‌లో కలిపాం. వాళ్లు మా కస్టమర్లు కాదు. లక్కీ డ్రాలో కుక్కర్ వస్తుందని రాసిచ్చిన నంబర్లవి. "మేడమ్, ఆర్వో మీద ఆఫర్ ఉంది" అని వాళ్లకు ఫోన్ చేస్తే స్పామ్ అని నొక్కక ఏం చేస్తారు? నేనైనా అదే చేస్తాను. చేశాను కూడా, ప్లాట్లు అమ్మేవాళ్లకు.

ఇక సర్వీస్ సంగతి. నెట్‌లో వెతికితే హైదరాబాద్ కంపెనీ ఒకటి దొరికింది. పేరు రాయను. వాళ్లలాంటివాళ్లు ఇంకా ఉన్నారు, నేను చెప్పేది చాలావరకు వాళ్లకూ వర్తిస్తుంది. 'మీ బిజినెస్ నంబరును స్పామ్ ముద్ర నుంచి కాపాడతాం' అన్నది వాళ్ల మాట. నెలకు 1,499, కనీసం మూడు నెలలు. జీఎస్టీతో 5,306 రూపాయలు. ఇందులో నాలుగు పనులు: మన నంబరు ఏ యాప్‌లో, ఏ ఫోన్లో ఎలా కనపడుతోందో వారానికోసారి చూసి చెప్పడం. తప్పు ముద్ర ఉంటే తీయమని యాప్‌లవాళ్లకు మన తరఫున రాయడం. వ్యాపారం పేరు సరిగ్గా కనపడేలా కాగితాలు పంపించడం. రోజువారీ కాల్స్ లెక్క ఒక డ్యాష్‌బోర్డులో చూపించడం.

సేల్స్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. తెలుగులోనే. కానీ మొదటి ఫోన్లోనే భయపెట్టాడు: "మేడమ్, ట్రాయ్ కొత్త రూల్స్ వచ్చినయ్, నంబరే బ్లాక్ అవుతుంది." ట్రాయ్ అంటే ఫోన్ కంపెనీలకు రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ. తర్వాత ఆ రూల్స్ నేనే చదువుకున్నాను. అబ్బాయి చెప్పింది ఉత్త బెదిరింపు కాదు. ట్రాయ్ 2018 నాటి నిబంధనలను 2025 ఫిబ్రవరిలో గట్టిగా బిగించింది. అక్కర్లేని ప్రచార కాల్ వస్తే ఏడు రోజుల్లోపు ఫిర్యాదు చేయొచ్చు. అంతకుముందు మూడు రోజులే ఉండేది. రిజిస్టర్ కాని ఒకే నంబరు మీద పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వస్తే చాలు, చర్య మొదలవుతుంది. పాత లెక్కలో ఏడు రోజుల్లో పది. మొదటిసారి అయితే 15 రోజులు అవుట్‌గోయింగ్ బంద్. మళ్లీ చేస్తే ఆ మనిషి పేరు మీదున్న కనెక్షన్లన్నీ ఏడాదిపాటు కట్. ఆ అన్నీ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. దుకాణం పాత నంబరు, తమ్ముడి సొంత నంబరు, ఇంటి వైఫై, అన్నీ ఒకే పేరు మీద ఉన్నాయి.

ఫిర్యాదు అంటే యాప్‌లో స్పామ్ అని నొక్కడం కాదు. ఇలాంటి ఫిర్యాదుల కోసమే ఉన్న 1909 నంబరుకు చేసేది, లేదా ట్రాయ్ డీఎన్‌డీ యాప్‌లో చేసేది. ఈ రెండింటికీ తేడా ఉందని సేల్స్ అబ్బాయి చెప్పలేదు. చెబితే బేరం సగం తగ్గుతుంది కదా.

అదే అబ్బాయి ఇంకో ప్లాన్ కూడా చెప్పాడు. నెలకు మూడు వేలు. దాంట్లో పది నంబర్లు ఇస్తారట. ఒకటి ఎర్రబడగానే సిస్టమ్ దానంతట అదే ఇంకో నంబరు నుంచి కాల్ చేస్తుందట. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ ఒక్క నిమిషం ఆలోచిస్తే, నంబర్లు మార్చి మార్చి ఫోన్ చేసేది ఎవరు? నాకు పొద్దున లేస్తే ఫోన్ చేసే లోన్లవాళ్లు, షేర్ మార్కెట్ టిప్పులవాళ్లు. మర్రిగూడలో మా కస్టమరు ఒకామె ఆర్వో మూత మీద మా నంబరు మార్కర్‌తో రాసుకుంది. ఆమెకు నెలకో నంబరు నుంచి ఫోన్ పోతే ఎలా నమ్ముతుంది? "వద్దు బాబూ, మాకు ఒక్కటే నంబరు, ఉన్నదాన్నే బాగుచేయండి" అన్నాను. మీరెవరైనా ఇలాంటి సర్వీస్ తీసుకోబోతుంటే ఈ పది నంబర్ల ప్లాన్ దగ్గరికి మాత్రం పోకండి. నంబరు వల్ల రోగం వస్తే మార్చితే పోతుంది. మన వల్ల వచ్చింది పదో నంబరుకూ అంటుకుంటుంది, పైగా ఖర్చు డబుల్.

కట్టాక మొదటి వారం కాగితాలతోనే సరిపోయింది. జీఎస్టీ సర్టిఫికెట్, దుకాణం బోర్డు ఫోటో, సిమ్ ఎవరి పేరు మీదుందో రుజువు. సిమ్ మా నాన్న పేరు మీద ఉంది. తీసుకున్న రోజు ఆయన ఆధార్ చేతికి దొరికింది కాబట్టి. దుకాణం తమ్ముడి పేరు మీద. ఈ మెలిక విడదీయడానికి సిమ్ కంపెనీ స్టోర్‌కు రెండుసార్లు తిరిగాం. విసుగొచ్చింది గానీ ఇప్పుడనిపిస్తుంది, మంచిదే అయిందని. సిమ్ ఫారంలో రాసిన పేరే అవతలివాళ్ల స్క్రీన్ మీద పడే పద్ధతి దశలవారీగా వస్తోంది కదా, సీనాప్ అంటున్నారు. ట్రాయ్ 2024 ఫిబ్రవరిలో సిఫారసు చేసింది. అది పూర్తిగా వచ్చేదాకా మేం కదలకపోతే మా సర్వీస్ కాల్ మా నాన్న పేరుతో పోయేది. ఆయన పేరు చూసి ఊరివాళ్లు ఎత్తేవాళ్లే, కాకపోతే వడ్ల ధర అడిగేవాళ్లు.

ఫలితాల సంగతికొస్తే, పదకొండో రోజుకు జిరాక్స్ అతని ఫోన్లో ఎరుపు పోయింది. పేరు కూడా మారి మా దుకాణం పేరు వచ్చింది. ఆ రోజు అతనికి మేమే టీ పోయించాం. ఇంతవరకు డబ్బుకు న్యాయం జరిగినట్టే. కానీ ఈ పనికి ఐదు వేలు అక్కర్లేదని తర్వాత తెలిసింది. నంబరు మనదేనని రుజువు చూపిస్తే తప్పు ముద్ర తీయమని అడిగే దారి యాప్‌లవాళ్లే ఇస్తారు. ఓపిక ఉంటే ఒక మధ్యాహ్నం పని. గూగుల్ ఫోన్ యాప్‌లో మా పేరు రావడానికి నేనే చేసుకున్నాను, పైసా ఖర్చు లేకుండా. గూగుల్ మ్యాప్స్‌లో దుకాణం లిస్టింగ్‌లో పాత నంబరు ఉంది. కొత్తది కూడా చేర్చాను. అంతే.

డాలస్‌లో ఉన్న మా చిన్నమ్మ కొడుకుతో ఈ గోల చెప్పుకుంటే, అక్కడ ఫ్రీ కాలర్ రిజిస్ట్రీ అని ఒకటుందట. ఒకసారి ఫారం నింపితే హియా, ఫస్ట్ ఓరియన్, టీఎన్ఎస్ అనే మూడు కంపెనీలకు వెళుతుందట. అక్కడి పెద్ద నెట్‌వర్క్‌లకు స్పామ్ ముద్రలు వేసిపెట్టేది వాళ్లేనట. ముద్ర పోతుందన్న హామీ మాత్రం అక్కడా లేదన్నాడు. ఇక్కడ ఒక్కో గుమ్మం విడిగా తట్టాలి. ఆ తట్టే పనికే ఈ కంపెనీ డబ్బు తీసుకుంటోంది. అందులో తప్పేం లేదు. కాకపోతే మాయ ఏమీ లేదని తెలిసి కట్టాలి.

టీ పిల్లాడి ఫోన్లో మాత్రం ఏ మార్పూ లేదు. మూడు వారాలైనా ఆ సన్న అక్షరాలు అలాగే ఉన్నాయి. సపోర్ట్‌కు రాస్తే "నెట్‌వర్క్ లేబుల్ మా పరిధిలో లేదు మేడమ్" అన్నారు. అమ్మేటప్పుడు 'అన్ని చోట్లా' అన్నారే అని అడిగితే ప్లాన్ కాగితంలో చివరి పేజీ చూడమన్నారు. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో. ఇక్కడ నాకు బాగా కోపం వచ్చింది.

ఆ కోపంలోనే డ్యాష్‌బోర్డు మొదటిసారి సరిగ్గా చూశాను. ఈ సర్వీస్ మొత్తంలో నేను డబ్బు పెట్టి కొనదగినది అదొక్కటే అని ఇప్పుడు చెప్పగలను. మొదటి వారం లెక్క: రోజుకు సగటున 142 కాల్స్. ఎత్తినవి 38. ఎత్తినవాళ్లు సగటున మాట్లాడింది 14 సెకన్లు. పక్కన ఇంకో గడి ఉంది, ఇన్‌కమింగ్. అక్కడ సున్నా. ఎందుకంటే ఆ అమ్మాయి లైన్ ఎప్పుడూ బిజీ, సాయంత్రం ఆరు కాగానే ఫోన్ స్విచ్ ఆఫ్ చేసి డ్రాయర్‌లో పెట్టేది. మిస్డ్ కాల్ చూసి తిరిగి చేసినవాళ్లకు ఎవరూ దొరకలేదు.

ఆ నాలుగు అంకెలు చూస్తుంటే, ఇది ఎవరి నంబరు అని పేరు దాచి నన్నడిగితే మోసగాళ్ల నంబరనే చెప్పేదాన్ని. రోజుకు నూట యాభై మందికి చేస్తారు, ఎవరూ ఎత్తరు, ఎత్తినవాళ్లు వెంటనే పెట్టేస్తారు, తిరిగి చేస్తే దొరకరు. మెషీన్ అనుమానించిందంటే దాని తప్పేముంది? సైబర్ మోసాల గురించి నెలల తరబడి కాలర్ ట్యూన్‌లో విని విని ఉన్న జనం కట్ చేశారంటే వాళ్ల తప్పేముంది?

అప్పటినుంచి మార్చాం. ఎగ్జిబిషన్ చీటీల నంబర్లు షీట్‌లోంచి తీసేశాను, మొత్తం ఆరు వందలూ. రోజుకు ముప్పై ఐదుకు మించి కాల్స్ లేవు. పొద్దున పదిన్నర నుంచి ఒంటిగంట దాకా కొన్ని, నాలుగు తర్వాత కొన్ని. మధ్యాహ్నం రెండింటికి చేస్తే పడుకున్న మనిషిని లేపినట్టే, వాళ్లు ఫోన్ ఎత్తినా మన మాట చెవికెక్కదు. ఒకరికి రోజులో ఒక్కసారే. ముందు రోజు సాయంత్రం అదే నంబరు నుంచి వాట్సాప్‌లో వాళ్లింటి మెషీన్ ఫోటోతో ఒక మెసేజ్. బిగించిన రోజు తీసిన ఫోటోలు మా దగ్గర ఉంటాయి, కార్డుతో పాటు. తమ ఇంటి గోడ, తమ టైల్స్ ఆ ఫోటోలో కనపడగానే నమ్మకం వస్తుంది. ఇది ఏ కంపెనీ చెప్పింది కాదు, మా దగ్గర పనిచేసే పిలగాడి ఆలోచన.

ఫోన్లో మొదటి మాట కూడా మార్చాం. ముందైతే "హలో మేడమ్, మేం ఆర్వో సర్వీస్ నుంచి మాట్లాడుతున్నాం" అనేది అమ్మాయి. ఊళ్లో ప్రతి ఆర్వో వాడూ అదే అంటాడు. ఇప్పుడు "అక్కా, పోయిన సంక్రాంతికి మీ ఇంట్లో స్పన్ మార్చినం కదా, నీళ్లు మంచిగ వస్తున్నయా?" అంటుంది. (స్పన్ అంటే నీళ్లలోని మట్టిని ఆపే ఫిల్టర్.) జవాబు చెప్పాల్సిన ప్రశ్న అది. జవాబు చెబితే ఒక నిమిషం గడుస్తుంది. ఏఎంసీ (ఏడాది సర్వీస్ ఒప్పందం) రెన్యువల్ ఆఫర్ అన్న మాట ఫోన్లో పూర్తిగా బంద్. అది చెప్పాలనుకుంటే ఇంటికి పోయినప్పుడు తమ్ముడు చెబుతాడు. గడువు గుర్తుచేయడం వేరు, అమ్మకం వేరు. రూల్ ప్రకారం మామూలు పదంకెల నంబరు నుంచి ప్రచార కాల్స్ చేయకూడదు, వాటికి 140తో మొదలయ్యే నంబర్లున్నాయి, రిజిస్టర్ చేసుకున్నవాళ్లకు. 1600 సిరీస్ బ్యాంకులు, ఇన్సూరెన్స్, ప్రభుత్వం లాంటివాటికి. మాలాంటి దుకాణానికి మిగిలేది పదంకెల నంబరూ, మన మర్యాదా.

ఇంకోటి, అన్నిటికంటే బాగా పనిచేసింది. మెషీన్ బిగించాక పిలగాళ్లు కస్టమర్ ఫోన్లోనే మా నంబరు సేవ్ చేయించి వస్తున్నారు. "మీ చేతుల మీదనే చేయండి అక్కా" అని పక్కన నిలబడతారు. ఒకసారి సేవ్ అయితే వాళ్లకు కనపడేది వాళ్లు పెట్టుకున్న పేరే. నా ఫోన్లో 'షాప్ 2' అని వచ్చినట్టు.

నాలుగు వారాలకు టీ పిల్లాడి ఫోన్లో సన్న అక్షరాలు పోయాయి. నేను రోజూ వాడికి ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూసేదాన్ని. పోయిన రోజు వాడే పరుగెత్తుకొచ్చి చూపించాడు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఎంగిలిపూల బతుకమ్మ ముందు రోజు నేను పూలకని మార్కెట్‌కు పోయాను. పండక్కి ఇళ్లు కడుక్కునేటప్పుడు అందరూ మెషీన్ కూడా సర్వీస్ చేయించుకుంటారు, మాకు సీజన్. ఆ అమ్మాయి ఉత్సాహపడి ఒక్క పూటలో 90 కాల్స్ కొట్టింది. పాపం మంచి ఉద్దేశంతోనే. మూడో రోజుకు ముద్ర తిరిగొచ్చింది. కంపెనీ నుంచి అలర్ట్ వచ్చింది, 'మీ నంబరు రిస్క్‌లో ఉంది' అని, ఎరుపు రంగు గుర్తుతో. వచ్చాక చెబితే ఏం లాభం? గంటలో ఇరవై కాల్స్ దాటగానే ఆపే బటన్ ఒకటి ఉండాలి. అది లేదు. అడిగాను, ఆ పెద్ద ప్లాన్‌లో ఉందన్నారు. ఈ ఒక్కదానికే ఒక స్టార్ తీసేస్తున్నాను. దసరా వెళ్లి మూడు వారాలకు గానీ మళ్లీ దారికి రాలేదు.

నవంబర్ లెక్క ఇది: రోజుకు 34 కాల్స్, ఎత్తినవి 23, సగటు మాట ఒక నిమిషం పది సెకన్లు. ఇన్‌కమింగ్ రోజుకు తొమ్మిది, పది. ఎత్తినవాళ్ల సంఖ్య చూస్తే ముందుకంటే తక్కువే, 38 నుంచి 23కి పడింది. తమ్ముడు మొదట దానికే గొడవపడ్డాడు. కానీ ముందు రోజుకు ఆరు సర్వీసులు బుక్ అయ్యేవి, ఇప్పుడు పదకొండు. వాడు మాట్లాడలేదు.

సర్వీస్‌కు నా మార్కులు ఐదుకు రెండున్నర. పేరు సరిచేయించడం బాగా చేశారు, మనుషులు ఫోన్ ఎత్తుతారు, అబద్ధాలు తక్కువ. నెట్‌వర్క్ ముద్ర సంగతి ముందు చెప్పకపోవడం, పది నంబర్ల ప్లాన్ అంటగట్టాలని చూడటం నచ్చలేదు. జీఎస్టీ కాగితాలు పట్టుకుని యాప్‌లతో కుస్తీ పట్టే ఓపిక లేని వ్యాపారం అయితే మూడు నెలలు కట్టుకోవచ్చు. ఓపిక ఉంటే అక్కర్లేదు. కొత్తగా సిమ్ తీసుకునేవాళ్లు మాత్రం, నంబరు బోర్డు మీద రాయించకముందే నలుగురి ఫోన్లకు కొట్టి చూసుకోండి. సేవ్ చేసుకోని ఫోన్లకు. ఎర్రగా వస్తే స్టోర్‌లోనే వేరేది అడగండి. మా బోర్డు పెయింటింగ్‌కు 1,800 అయింది, దాన్ని తలుచుకున్నప్పుడల్లా కడుపు మండుతుంది.

మేం రెన్యువల్ చేయలేదు. డ్యాష్‌బోర్డు ఒక్కటే విడిగా ఇవ్వమంటే ఇవ్వలేమన్నారు. ఆ నాలుగు అంకెలూ ఇప్పుడు అమ్మాయే సాయంత్రం నోట్‌బుక్‌లో రాస్తోంది, ఫోన్లోని కాల్ లిస్టు చూసి. పావుగంట పని.

చండూరు పంతులుగారికి మొన్న నేనే చేశాను. రెండో రింగుకే ఎత్తారు. "ఇప్పుడు ఎర్రగ రాలేదు బిడ్డా, కానీ మీ పేరు ఇంగ్లిష్ల వస్తున్నది, నాకు అద్దాలు లేకుంటే కనబడదు" అన్నారు. గురువారం తమ్ముడు పోయి స్పన్, కార్బన్ మార్చి, ఆయన ఫోన్లో మా పేరు తెలుగులో సేవ్ చేసి వచ్చాడు. కుక్కను కట్టేశారట.